పత్తి కట్టె పీకమంటున్నరు, మరి పొయ్యిలకు ఏం పెట్టాలె?



పత్తికి వచ్చే గులాబీ రంగు పురుగు గురించి వ్యవసాయ అధికారులు చెప్పేది నిజమే, ముందుగాల అది ఒప్పుకుందాం. డిసెంబర్ దాటినంక పంట ఉంచొద్దు, కట్టె కుప్ప పెట్టొద్దు అంటున్నరు. ఈ పురుగు కాయ లోపలికి పోయినంక ఎంత మందు కొట్టినా తగలదు. చలికాలంల రెండు గింజలు కలిపి గూడు కట్టుకొని అండ్లనే పడుకుంటది. ఎండిన కాయలల్ల నెలల తరబడి బతికి, రెక్కల పురుగై లేచి కొత్త పత్తి మీద పడ్తది. దీన్ని ఆపుతదని 2006ల వచ్చిన బీజీ-2 విత్తనం పదేండ్లు కూడా నిలవలేదు. అప్పట్ల 450 గ్రాముల ప్యాకెట్‌తోని ఇంకో 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చేటోళ్ళు. అవి చేను చుట్టూ ఎందుకు వెయ్యాలెనో మా గూడేలల్ల ఎవ్వరూ విడమరిచి చెప్పలేదని మా పెద్దోళ్ళు అంటరు.

కానీ పీకుమనుడు అల్కగ ఉంది. బోరు ఉన్నోళ్ళు పత్తి పీకి మక్క వేస్తరు. వాన మీద బతికే మన పోడు చేన్లు పీకితే ఖాళీగ పడి ఉంటయి. ఆఖరు ఏరుడుల వచ్చే ఆ కొంచెం పత్తే దుకాణం ఉద్దెరకు పోతది. కట్టె మన అమ్మల పొయ్యిలకు పోతది. సిలిండర్ నింపుకునే పైసలు లేని ఇంటికి పోయి "కట్టె కాల్చెయ్యి" అంటే ఎవరింటరు? కుప్ప పెట్టే ముందు ఎండు కాయలు దులిపి కాల్చుడు, ఏరుడు అయిపోంగనే మేకలను చేన్లకు తోలుడు, కట్టెను వానలు పడకముందే వాడేసుడు. గిట్ల చెప్తే మనోళ్ళు చేస్తరు.

ఒక్కలు చేస్తే అయ్యే పని కూడా కాదు. అమెరికా 2018ల తన పత్తి ప్రాంతాలల్ల ఈ పురుగు లేకుండ పోయిందని ప్రకటించింది. బీటీ విత్తనం, గొడ్డు రెక్కల పురుగులను వదులుడు, కట్టెను దున్నేసుడు, అన్నీ రైతులందరు కలిసే చేసిన్రు. ఇక్కడ ఎవరి చేను వాళ్ళదే, ఎవరి మందు డబ్బా వాళ్ళదే. పెన్‌గంగ అవతల యవత్మాల్‌ల 2017ల పత్తికి మందులు కొట్టుకుంట సుమారు 20 మంది పాణాలు పోయినయి. మన దగ్గర ఇప్పటికీ ముక్కుకు గుడ్డ కట్టుకోకుండ కొట్టేటోళ్ళే ఎక్కువ.

2020ల కట్టిన రైతు వేదికలు సుమారు 5,000 ఎకరాలకు ఒక్కటి. మీటింగ్ పగటి పూట, తెలుగుల. ఆ టైంకు పత్తి ఏరే ఆడోళ్ళు చేన్ల ఉంటరు, గోండి, కొలామి తప్ప రాని ముసలోళ్ళు మూలకు కూసుంటరు. గుడ్డి పూలను మొదలు చూసేది ఆడోళ్ళే గదా! పొద్దుమీకినంక పటేల్ ఇంటి ముందట పెట్టాలె మీటింగ్. ఆదిలాబాద్ రేడియో గోండిల మాట్లాడంగ లేనిది, అధికారులు ఒక వాయిస్ మెసేజ్ పంపలేరా? వాళ్ళతోని కాకుంటే అగ్రికల్చర్, బీజెడ్‌సీ చదివే మనమే చేద్దాం. బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రం మన మంచిర్యాల జిల్లాలనే ఉంది, అడిగి రాసుకొద్దాం.

దండారికి ఊరి నుంచి ఊరికి పోతం, సరిగ్గ అప్పుడే పత్తి కాయ మీదుంటది. అప్పటికే ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు కట్టి ఉండాలె. వరుసగ మూడు రాత్రులు బుట్టకు 8 రెక్కల పురుగులు పడితేనే మందు ఆలోచించాలె, అప్పటిదాక దుకాణం మెట్లు ఎక్కొద్దని ఇంట్ల చెప్పుర్రి.