పెనం పక్కన స్క్రీన్

మన కాలేజీలో ఏ బ్యాచ్ మినీ ప్రాజెక్టుల లిస్టు తీసినా మూడు మాత్రం కచ్చితంగా ఉంటాయి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్, రెస్టారెంట్ మేనేజ్‌మెంట్. మూడోది నేనూ చేశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఆ ధైర్యంతో వేసవి సెలవుల్లో దాన్ని తీసుకెళ్ళి మా నాన్న టిఫిన్ హోటల్లో పెట్టాను. అక్కడ మాత్రం ఫెయిలయ్యాను. (నాది మొదట్నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే క్షమించండి. ఒత్తుల గొడవ ఇందులో మళ్ళీ వస్తుంది.)

మాది తెనాలి. హోటల్ అంటే పెద్దదేం కాదు. పది టేబుళ్ళు, ఒక పార్శిల్ కౌంటర్, లోపల ఒక పెద్ద పెనం. ‘సర్వర్ డౌన్’ అంటే మా ఇంట్లో ఇప్పటికీ సర్వర్‌కి జ్వరం వచ్చిందనే అర్థం. ఆర్డర్లన్నీ కేకలే. “రెండు ఉప్మా పెసరట్టు, ఒకటి కారం లేకుండా!” అని సర్వర్ అరుస్తాడు, పెనం దగ్గర మాస్టర్ “ఊ” అంటాడు. అంతే సిస్టమ్.

నేనేం చేశానంటే, సర్వర్ ఫోన్లో ఆర్డర్ కొడితే పెనం పక్కన గోడకి తగిలించిన ట్యాబ్‌లో పడేలా పెట్టాను. అట్టు అయిపోగానే మాస్టర్ దాన్ని వేలితో నొక్కాలి. పేర్లు తెరమీద పట్టాలని పెసరట్టుని ‘పీఎస్ఆర్‌టీ’ చేశాను. ఇప్పుడు చూస్తే ఆర్టీసీకి తమ్ముడిలా ఉంది.

మొదటి గంటలోనే పిండి చేతులు, నీటి చేతులు, నూనె చేతులు. టచ్ స్క్రీన్‌కి పొడి వేలు కావాలి. తడి చెయ్యి పడితే ఒకటి నొక్కితే ఇంకొకటి పోతుంది. దాన్నైనా సరిచెయ్యొచ్చు. అసలు సంగతి ఆదివారం ఉదయం బయటపడింది. హోటల్ నిండా జనం. మాస్టర్ స్క్రీన్ చూడట్లేదు. పక్కన చట్నీ దగ్గరుండే కుర్రాణ్ణి “ఏం రాసిందిరా?” అని అడుగుతున్నాడు. వాడిది ఒడిశా, వాడు కూడబలుక్కుని చదువుతున్నాడు. వరసగా నాలుగు ఆర్డర్లు తప్పు వెళ్ళాయి. నాన్న అందరి ముందూ కేకలేశాడు. మాస్టర్ భుజం మీద తువ్వాలు తీసి పెనం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. నాన్నే అట్లు పోశాడు, ఒక్కటీ గుండ్రంగా రాలేదు. “నీ స్క్రీన్ అట్లు పోస్తుందేమో అడుగు” అన్నాడు నాతో.

మూడో రోజు నేనే ఆయన ఇంటికి వెళ్ళాను. నేను పుట్టకముందు నుంచీ మా పెనం దగ్గరున్న మనిషి, నాకు బాబాయ్. వెళ్ళేసరికి అరుగు మీద పేపర్ చదువుతున్నాడు. నేనైతే ఒక పేజీకి అరగంట తీసుకుంటాను. “నాకు చదువు రాదని ఊరంతా అనుకునేలా చేశావు పాపా” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాకు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

హాస్టల్‌కి వచ్చి ఇదంతా చెప్తే మా రూమ్మేట్ అంది, “ఆ పేర్లేవో నేర్పిస్తే పోయేదిగా, మహా అయితే ముప్పై ఐటమ్స్.” నిజమే, రెండు రోజుల్లో వచ్చేస్తాయి. కానీ ఎందుకు నేర్చుకోవాలి? నేను మార్చడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఆయన మారాలంటే పదిమంది ముందు తలదించుకోవాలి. పైగా ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, మంచి అట్టు మాస్టర్ దొరకడు.

ఇంకో మాట. నేను ‘స్పీడ్ పెరుగుతుంది’ అని నాన్నకి చెప్పి ఒప్పించాను. మా పెనం మీద ఒకేసారి ఆరు అట్లు పడతాయి. వాయికి మూడు నిమిషాలు. అంటే గంటకి 120, అంతకంటే ఒక్కటి ఎక్కువ రాదు. ఆర్డర్ పెనం దగ్గరికి ఎంత వేగంగా వెళ్తే ఏం లాభం, అక్కడ క్యూలో నిలబడాల్సిందే. ఈ లెక్క ఐదో క్లాసు పిల్లాడైనా చేస్తాడు. నేను కోడ్ రాసేముందు చెయ్యలేదు. తందూరీ ఒకచోట, చైనీస్ ఒకచోట, బిర్యానీ ఒకచోట వండే పెద్ద రెస్టారెంట్లలో ఒకే టేబుల్ ఆర్డర్ ముక్కలై మూడు చోట్లకి వెళ్ళాలి, అన్నీ ఒకేసారి బయటికి రావాలి. అక్కడ స్క్రీన్ కావాలి, కాదనను. మాకు కావాల్సింది తప్పు పోకుండా చేరే ఒక చీటీ.

అందుకని ట్యాబ్ తీసేసి పాత బిల్లు ప్రింటర్ పెట్టాను. థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది, పెనం పక్కన పనికిరాదని అంటారు. నిజమే. కానీ మా చీటీ బతుకే పది నిమిషాలు. పెనానికి దూరంగా, గోడకి ఇనప చువ్వ కొట్టి దానికి గుచ్చుతున్నాం. అసలు తిప్పలు తెలుగుతో వచ్చాయి. మా ప్రింటర్‌కి తెలుగు రాదు. కాబట్టి అక్షరాల్ని బొమ్మగా గీసి పంపాలి. కాగితం 80 మిల్లీమీటర్లు, అచ్చయ్యేది 72, అంటే అడ్డంగా 576 చుక్కలు. పైథాన్‌లో పిల్లోతో గీయిస్తే ‘పెసరట్‌టు’ అని వచ్చింది. రక్మ్ అనే ఇంకో లైబ్రరీ తోడుంటే గానీ ఒత్తు కింద కూర్చోదట. ఒక రాత్రంతా ఒక్క ‘ట్టు’ కోసం కూర్చున్నాను. అంత శ్రద్ధగా తెలుగు అక్షరాన్ని నేనెప్పుడూ చూళ్ళేదు.

కంప్యూటర్ నిజంగా సాయం చెయ్యగలిగింది వేరే ఉంది, రేపటికి ఎంత పప్పు నానబెట్టాలి అన్నది. పిండి మిగిలితే పులుస్తుంది, చాలకపోతే తొమ్మిదింటికే బోర్డు తిప్పెయ్యాలి. రోజువారీ అమ్మకాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి, ఏదో ఒకటి చెయ్యొచ్చు. కానీ కార్తీకమాసంలో ఉల్లి అట్టు కదలదనీ, ముహూర్తాల రోజున పార్శిళ్ళు పెరుగుతాయనీ నాన్నకి తెలుసు, నా డేటాబేస్‌కి తెలీదు. దాని క్యాలెండర్లో కార్తీకం లేదు. ముందు నాన్న నోటుబుక్ ఎక్కించాలి.

బాబాయ్ మొదటి తెలుగు చీటీ అందుకుని దీపం దగ్గర పెట్టి చూశాడు. “ఒత్తులు బానే పడ్డాయి గానీ, ఉల్లి దోస ఏంటి పాపా? అట్టు అనలేవా?” అన్నాడు. ఆ పూటే డేటాబేస్‌లో దోసలన్నీ అట్లయ్యాయి.

చట్నీ కుర్రాడికి మాత్రం ఇప్పుడు కొత్త కష్టం. ఇంగ్లీషైతే కూడబలుక్కునేవాడు, తెలుగు అసలే రాదు. టోకెన్ నంబర్ ఒక్కటే చూసుకుంటున్నాడు. “అక్కా, మా అక్షరాలు రావా ఇందులో?” అని అడిగాడు మొన్న. ఒడియా ఫాంట్ దింపాను. అందులోనూ ఒత్తులున్నాయి.