శుద్ధంగా ఉంటే చాలదు, పీ53 పనిచేయాలి

పీ53 అనే ప్రోటీన్‌ను 1979లో కనుగొన్నారు. ఆ తర్వాత దాదాపు పదేళ్లు పేరున్న ల్యాబులన్నీ దాన్ని క్యాన్సర్ కారకమనే నమ్మాయి. మామూలు కణాలను కణితి దారి పట్టించడంలో దానికీ చెయ్యుందని 1984లో ప్రయోగాలు కూడా చూపించాయి. 1989లో కథ తిరగబడింది. అసలైన పీ53 కణితిని అడ్డుకుంటుందని అమెరికాలో ఆర్నాల్డ్ లెవీన్ బృందం తేల్చింది. పెద్దపేగు క్యాన్సర్లలో పీ53 జన్యువే దెబ్బతిని ఉందని బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం చూపించింది. మరి పాత ప్రయోగాల సంగతి? వాటిలో వాడిన పీ53 జన్యువు నకళ్లలో (క్లోన్లలో) మ్యుటేషన్లు ఉన్నాయి. సరుకును అనుమానించాలని చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

ఆ ప్రమాదం ఇప్పటికీ పోలేదు.

డీఎన్‌ఏ దెబ్బతింటే కణ విభజనను ఆపేది, బాగుపడకపోతే కణాన్ని చంపించేది పీ53. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో దీని జన్యువు చెడిపోయి కనిపిస్తుంది. అందుకే పరిశోధకులకు ఈ ప్రోటీన్ ఎప్పుడూ కావాలి. ఎక్కువగా ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేస్తారు. బ్యాక్టీరియాను పెంచి, వేడి 20 డిగ్రీల దాకా తగ్గించి, కాస్త జింక్ కలిపి, చివరికి నికెల్ కాలమ్ గుండా పంపి ప్రోటీన్‌ను వేరుచేస్తారు. వేరుచేసిన దాన్ని జెల్‌లో నడిపినప్పుడు ఒకే ఒక్క గీత కనబడితే శుద్ధమైనట్టు లెక్క.

చిక్కంతా ఇక్కడే. పీ53 మహా సున్నితం. 37 డిగ్రీల దగ్గర విడి ప్రోటీన్ నిమిషాల్లోనే మడత విప్పుకుంటుంది. ట్యూబును ఐసులో పెట్టడం మరిచి కాసేపు బల్ల మీద వదిలేసినా జెల్ మీద అదే గీత వస్తుంది. డీఎన్‌ఏను పట్టుకునే శక్తి మాత్రం పోయి ఉండొచ్చు. ఆ సంగతి తేలాలంటే పీ53 అతుక్కునే డీఎన్‌ఏ ముక్కతో కలిపి మళ్లీ జెల్ నడపాలి. ప్రోటీన్ పట్టుకుంటే ఆ ముక్క వెనకబడుతుంది.

ఇలా పనితీరును పరీక్షించే క్రమశిక్షణ మన హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఇక్కడి నుంచే విడుదల చేసింది. టీకా అయితే ప్రతి బ్యాచ్ సత్తాను పరీక్షించాకే బయటికి వదలాలి. ‘పరిశోధనకు మాత్రమే’ అన్న ముద్రతో వచ్చే ప్రోటీన్‌కు అంత కట్టుబాటు లేదు. శుద్ధత శాతం చూసి ట్యూబు మూత తీసేయొచ్చు.

ప్రతి ల్యాబూ సొంతంగా పరీక్షించుకోవాలంటే ఖర్చు, కాలయాపన అన్న మాట నిజమే. థీసిస్ గడువు ముంచుకొస్తున్న విద్యార్థికి ఒక వారం కూడా బరువే. అందుకే ఆ భారాన్ని విద్యార్థి మీదికి నెట్టకూడదు. నిధులిచ్చే సంస్థలు రీఏజెంట్ల పరీక్షకు విడిగా సొమ్ము ఇవ్వాలి. హైదరాబాద్ వంటి నగరంలో ల్యాబులన్నీ కలిసి వాడుకునే పరీక్షా కేంద్రం ఒకటి పెట్టడం అసాధ్యమేమీ కాదు. జర్నళ్లు కూడా పరిశోధన పత్రంలో ప్రోటీన్ బ్యాచ్ నంబరు, దాని పనితీరు పరీక్ష ఫలితం అడగాలి. అవి లేని పత్రాన్ని వెనక్కి పంపాలి.