తోడుగా పరుగు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం—ఈ మూడును సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున, చల్లని వేకువలు గల ఊళ్లు. మిత్రులతో కూడి అర్ధ మారథానుకు సాధన చేయదలచిన క్రొత్తవారికి అనువైన నేల. ఆ పరుగు దూరము 21.0975 కిలోమీటర్లు, 1908 నాటి లండన్ ఒలింపిక్సులో పరుగెత్తి, 1921లో ప్రమాణముగా స్థిరపడిన మారథానులో సరిగా సగము.

క్రొత్తవారికి అపాయము దూరములో కంటె ప్రక్కవారితో పోటీలో ఎక్కువ. ఊపిరి కొన్ని వారములకే అలవాటుపడును. ఎముకలకు, కీళ్లకు నెలలు పట్టును. ఈ తేడా ఎరుగక తొందరపడినవారు గాయపడి, పరుగునే మానుకొందురు. కనుక మాటాడుచు సాగగల వడియే తగిన వడి. మాట తెగినచో వడి తగ్గింపవలెను. వెనుకబడినవారి వడియే బృందమునకెల్ల వడి కావలెను. పందెమునాడు ఎవరి పరుగు వారిదే. సాధననాడు తోడు విడువరాదు. తరగతిలో చివరి వరుసను మరువని ఉపాధ్యాయునికి ఈ నీతి క్రొత్తది కాదు.