దళారికి రాసిచ్చిన కాగితం: గడువుకు ముందే రద్దు చేసుకోవచ్చునా?

పిల్లలు బెంగళూరు, హైదరాబాదులలో స్థిరపడుతున్న కొద్దీ హోసూరు, బళ్ళారి, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో తాతల నాటి ఇండ్లు అమ్మకానికి వస్తున్నాయి. ఇంట్లో ఉండే పెద్దవారు ఒకరు, సంతకం చేయవలసిన వారసులు నాలుగు ఊళ్ళలో నలుగురు. సహజంగానే పని దళారి చేతికి పోతుంది. ఆరు నెలలో ఏడాదో ఇల్లు తన ద్వారానే అమ్మాలని స్టాంపు కాగితం మీద ఆయన సంతకాలు తీసుకుంటాడు. నెలలు గడుస్తాయి. కొనేవారు రారు, వచ్చినవారు చెప్పే ధర ఇంటివారికి మింగుడుపడదు. గడువు మాత్రం ఇంకా మిగిలి ఉంటుంది.

అట్టి కాగితాన్ని ముందుగానే రద్దు చేసుకోవచ్చును. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201, 203 సెక్షన్ల ప్రకారం, ఏజెంటు ఆ అధికారాన్ని వినియోగించి యజమానిని కట్టుబడేట్లు చేయకమునుపు ఎప్పుడైనా యజమాని దానిని వెనక్కు తీసుకోవచ్చును. అయితే గడువు ఒప్పుకొని, తగిన కారణం లేకుండా మధ్యలో తప్పుకుంటే పరిహారం చెల్లించాలని 205, సమంజసమైన వ్యవధితో నోటీసు ఇవ్వాలని 206 చెబుతున్నవి. పరిహారమంటే పూర్తి కమిషన్ అని దళారులు బెదిరించడం కద్దు. ఆ మాట నిలవదు. కాగితంలో జరిమానా అంకె వేసి ఉన్నప్పటికీ, 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె పైహద్దు మాత్రమే. న్యాయస్థానం అందులో సమంజసమైనంతే ఇప్పిస్తుంది. వేరే షరతు లేనపుడు, పని పూర్తి కానిదే ప్రతిఫలం అడిగే హక్కు ఏజెంటుకు లేదని 219వ సెక్షన్ అంటున్నది.

ఇంతవరకు చిక్కు లేదు. అసలు చిక్కు సంతకం చేసినది ఏ కాగితమన్న చోట వస్తుంది. మన ఇండ్లలో మాట తెలుగు, దస్తావేజు కన్నడమో తమిళమో ఒడియానో. కన్నడ అక్షరాలు చూడడానికి మనవాటివలె ఉన్నందున చదివినట్లే భ్రమ కలుగుతుంది. తమిళం మాట్లాడేవారందరూ దస్తావేజు తమిళం చదవలేరు. కమిషన్ కాగితం అనుకొన్నదానిలో 'అధికార' అన్న మాట ఉంటే అది పవర్ ఆఫ్ అటార్నీ కావచ్చును. కన్నడంలో 'క్రయద కరారు', తమిళంలో 'కిరయ ఒప్పందం' అని ఉంటే అది ఏకంగా అమ్మకపు అగ్రిమెంటే. రద్దు నోటీసు రాయక ముందే ఈ తేడా తెలుసుకోవాలి.

దళారి ముందుగా డబ్బు ఇచ్చి, ఇల్లు అమ్మి ఆ బాకీ రాబట్టుకొనే అధికారం రాయించుకొంటే, ఆ ఆస్తిలో ఆయనకు స్వప్రయోజనం ఏర్పడుతుంది. అట్టి అధికారాన్ని, వేరే షరతు లేనిదే, యజమాని తనంతట తాను రద్దు చేయజాలడు. 202వ సెక్షన్ సారాంశమిదే. కేవలం కమిషన్ మీద ఆశ ఇట్టి ప్రయోజనం కిందకు రాదు. కనుక "ఖర్చులకు ఉంచండి" అని దళారి చేతిలో పెట్టే యాభైవేలను కమిషన్ మాట కంటే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. అమ్మకపు అగ్రిమెంటు మరింత బరువైనది. 2018 సవరణ తరువాత, అట్టి ఒప్పందాన్ని అమలు చేయించమని కోరే కొనుగోలుదారు పక్షం బలపడింది. బయానా తిరిగి ఇచ్చివేస్తే సరిపోతుందన్న పాత ధీమా ఇక పనికిరాదు. పవర్ ఆఫ్ అటార్నీ మాత్రమే ఉన్నంత మాత్రాన దళారి యజమాని కాబోడని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. అయినా ఆ పత్రం చేతిలో ఉండగా ఆయన మరొకరికి రిజిస్టరు చేయించగలడు.

2016 నాటి రెరా చట్టం ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ పెట్టినది గదా అని కొందరు నమ్ముతున్నారు. అది రెరా కింద నమోదైన ప్రాజెక్టులలోని ప్లాట్లకు, ఫ్లాట్లకు సంబంధించినది. ఊరిలోని పెంకుటింటికి అది అక్కరకు రాదు.

రద్దు మాట నోటితో చెప్పి ఊరుకోరాదు. ఏజెంటుకు తెలిసినప్పటి నుండే ఆయనపట్ల రద్దు అమలవుతుంది. బయటివారిపట్ల, వారికి తెలిసినప్పటి నుండి (208వ సెక్షన్). వారసులందరి సంతకాలతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్లు రుజువు దాచుకోవాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు అందులోనే కలిసిపోయింది. పత్రికలో ప్రకటన ఇవ్వడం మంచిది. అసలు కాగితాలు, తాళంచెవులు తిరిగి అడగాలి. అంతవరకు దళారి చూపిన కొనుగోలుదారుల పేర్లు రాయించుకోవాలి. రేపు వారిలో ఒకరికే చాటుగా అమ్మితే కమిషన్ తగాదా తప్పదు, ఆ తగాదాలో న్యాయం దళారి వైపే ఉంటుంది.

పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టరై ఉంటే రద్దు పత్రం కూడా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే రిజిస్టరు చేయించాలి. దానిని తెలుగులో రాసి తీసుకుపోదలచినవారు రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ గమనించగలరు: అధికారికి తెలియని, ఆ జిల్లాలో సాధారణంగా వాడని భాషలో పత్రం ఉంటే, జిల్లా భాషలోకి సరైన అనువాదమూ, నకలూ జతచేయనిదే తిప్పి పంపుతారు. బళ్ళారికో రాయగడకో వెళ్ళే ముందే ఆ అనువాదం చేయించుకొంటే ఒక ప్రయాణం మిగులుతుంది.