కొన్న ధర కాదు, పుట్టిన ధర చూడండి

దసరా దగ్గరపడిందంటే కోల్‌బెల్ట్‌లో ఎక్కడ నలుగురు కలిసినా రెండే ముచ్చట్లు. ఈసారి లాభాల వాటా ఎంత? ఆ పైసలతో ఏం చేద్దాం? 2024లో సింగరేణి కార్మికులకు 33 శాతం వాటా కింద 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. సగటున మనిషికి లక్షా తొంభై వేల దాకా వచ్చింది. కొందరు పాత అప్పు తీరుస్తారు, కొందరు ప్లాటుకు బయానా ఇస్తారు, కొందరు బిడ్డ పేరు మీద బ్యాంకులో వేస్తారు. ఇటీవల ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ల చూపు మాత్రం ఫోన్‌లో కనిపించే పాత కార్ల మీద ఉంటుంది. రెండే డోర్ల బీఎండబ్ల్యూ జెడ్4, పైకప్పు మడతపడే మెర్సిడెస్ ఎస్ఎల్‌కే, గుండ్రటి ఆడి టీటీ. ధర చూస్తే షోరూమ్‌లో మామూలు ఎస్‌యూవీకి పెట్టేంతే. కొంత చేతిలో ఉంది, మిగతాది లోన్ వస్తుంది. "అన్నా, గింత తక్కువకు వస్తుంటే ఇడిసిపెట్టాల్నా?"

ఇడిసిపెట్టమని చెప్పడం సులువు. అయితే జ్యోతినగర్‌లో ఉంటూ, నెల జీతంతో, అలాంటి కారును ఇబ్బంది లేకుండా తిప్పడం కుదరని పనేం కాదు. దానికి ముందు ఒక లెక్క బుర్రకెక్కాలి. కారు ధర పడిపోతుంది, దాని విడిభాగాల ధర పడిపోదు. జెడ్4 మన దేశంలోకి 2009లో వచ్చినప్పుడు దాని ఖరీదు 60 లక్షలకు అటూఇటూ. ఇవాళ మీరు దాన్ని నాలుగో వంతుకే కొనొచ్చు. కానీ అది అడిగే బ్రేక్ డిస్కు, హెడ్‌లైటు, నీళ్ల పంపు అరవై లక్షల కారువే. ఒక్క హెడ్‌లైటు ఖరీదుకు మంచి సెకండ్‌హ్యాండ్ స్కూటర్ వస్తుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడితే ఎట్లుంటుందో, పాత లగ్జరీ కారు కొని సర్వీసు దగ్గర వెనకాడితే అట్లే ఉంటుంది.

కాగితాలతో మొదలు

తక్కువ ధర కార్లలో చాలావరకు ఢిల్లీవి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత సడలింపుల మాటలు వచ్చినా భయం మాత్రం మిగిలింది. అందుకే అక్కడివాళ్లు అగ్గువకు అమ్ముకుంటారు. కానీ ఆ అగ్గువ ధరలో ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిసి ఉండవు. లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి తగ్గుతుంది నిజమే, కానీ లెక్క మొదలయ్యేది అది కొత్తగా ఉన్నప్పటి ధర నుంచి. బేరం కుదుర్చుకోకముందే పెద్దపల్లి రవాణా ఆఫీసులో ఆ బండి మోడల్, సంవత్సరం చెప్పి ఎంతవుతుందో అడగండి. ఆ అంకె విని వెనక్కి తగ్గినవాళ్లకు ఖర్చు బస్సు చార్జీయే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కారు మన దేశంలో బిగించిందా, పూర్తిగా దిగుమతి అయిందా అన్నది చూడాలి. బీఎండబ్ల్యూ 3 సిరీస్ చెన్నైలో, మెర్సిడెస్ సీ క్లాస్ పుణెలో బిగించినవి. జెడ్4, ఎస్ఎల్‌కే, టీటీ ఓడలో వచ్చినవి. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకునేటప్పుడు. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకు రుసుము 5,000, దిగుమతి కారుకు 40,000. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి దాన్ని 10,000, 80,000 చేశారు. ఈ పొడిగింపు ఐదేళ్లకోసారి. 2010 మోడల్ కొంటున్నారంటే ఆ ఖర్చు మీ గుమ్మంలోనే నిలబడి ఉందని అర్థం.

ఇన్సూరెన్స్ సంగతీ ఇంతే. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో నిర్ణయించిన ప్రకారం 7,897 రూపాయలు, పైన జీఎస్టీ. అది పెద్ద భారం కాదు. చూడాల్సింది ఐడీవీ, అంటే కంపెనీ మీ బండికి కట్టే విలువ. పాత కారుకు అది తక్కువ. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టం కింద లెక్కేస్తారు. కొత్త కారుకు బంపర్, రెండు హెడ్‌లైట్లు, రేడియేటర్ పోతే అది మామూలు క్లెయిమ్. పాత లగ్జరీ కారుకు అదే దెబ్బతో కథ ముగిసిపోవచ్చు. కొన్న ధరకూ పుట్టిన ధరకూ ఉన్న ఈ తేడా ఎక్కడికి పోయినా వెంట వస్తూనే ఉంటుంది.

మన ఎండ, మన దుమ్ము

జర్మనీలో రాసిన సర్వీసు పుస్తకం రామగుండం ఎండను చూసి రాసింది కాదు. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు కొత్తేం కాదు. ఈ కార్ల ఇంజిన్ చుట్టూ ప్లాస్టిక్ భాగాలు ఎక్కువ. పదేళ్ల వేడికి అవి అప్పడంలా పెళుసుబారతాయి. అందుకే కొన్న వెంటనే చేయాల్సిన మొదటి పని కూలింగ్ వ్యవస్థ. కూలెంట్ ట్యాంకు, దాని మూత, గొట్టాలు, థర్మోస్టాట్, నీళ్ల పంపు. 2009 తర్వాతి జెడ్4 ఆరు సిలిండర్ల ఇంజిన్లలో నీళ్ల పంపు బెల్టుతో కాదు, కరెంటుతో తిరుగుతుంది. ఆగిపోయే ముందు అది కేక వేయదు, కారదు. నడిరోడ్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే. ఆ లైటు పడ్డాక "ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఇంటికి పోదాం" అనుకుంటే పంపు ఖర్చు కాస్తా ఇంజిన్ ఖర్చవుతుంది. బండి పక్కకు ఆపి, ఇంజిన్ బందు పెట్టి, టోయింగ్ బండిని పిలవడమే పొదుపు. కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు పోయొద్దు. మన బోరు నీళ్లలో ఉండే సున్నం లోపల పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కంపెనీ చెప్పిన కూలెంట్ మాత్రమే పోయాలి.

రెండోది దుమ్ము. ఒకవైపు బొగ్గు టిప్పర్లు, ఇంకోవైపు బూడిద టిప్పర్లు. మన బట్టల మీద వాలేదే రేడియేటర్, ఏసీ కండెన్సర్ రేకుల మధ్య కూడా ఇరుకుతుంది. గాలి ఆడదు, ఇంజిన్ వేడెక్కుతుంది, ఏసీ చల్లదనం తగ్గుతుంది. ఆర్నెల్లకోసారి దాన్ని నెమ్మదైన నీళ్ల ధారతో కడిగించండి. ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే రేకులు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్ పుస్తకంలో చెప్పిన గడువులో సగానికే మార్చాలి. పైకప్పు తెరుచుకునే కార్లలో వాన నీళ్లు దిగిపోవడానికి సన్నని గొట్టాలుంటాయి. దుమ్ము, వేపాకు చేరి అవి మూసుకుపోతే మొదటి వానకే నీళ్లు కార్పెట్ కిందికి, అక్కడినుంచి కంప్యూటర్ బాక్సుల్లోకి పోతాయి. గొట్టం ఊడ్చడానికి పది నిమిషాలు చాలు. తడిసిన బాక్సు మార్చడానికి నెల జీతం చాలదు.

మూడోది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. 2023కు ముందు తయారైన చాలా కార్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్నప్పుడే ఇంధన గొట్టాలన్నీ చూపించి, గట్టిపడినవాటిని మార్చించండి. బండిని ట్యాంకులో పెట్రోలుతో నెలల తరబడి నిలబెట్టొద్దు. ఈ ఇంజిన్లలో ఎక్కువవాటికి 95 ఆక్టేన్ కావాలి, కాబట్టి దొరికిన చోట ఆ రకం పోయించండి.

ఏ బండికి ఏ జబ్బు

ప్రతి మోడల్‌కూ ఒక తెలిసిన జబ్బు ఉంటుంది. ఎస్ఎల్‌కే 200 కంప్రెసర్ కొంటుంటే, రాత్రంతా చల్లబడిన ఇంజిన్‌ను పొద్దున్నే మీ ఎదుట స్టార్ట్ చేయమనండి. మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు గలగలమంటే టైమింగ్ చైన్ సాగిందని అనుమానించాలి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, ఇంకో రోజు వస్తామని లేచి రావడమే. ఆడి టీటీలో ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె 60,000 కిలోమీటర్లకోసారి మార్చిన రసీదు అడగండి. బీఎండబ్ల్యూలో "గేరుబాక్సు నూనె జీవితాంతం ఉంటుంది" అంటారు. ఆ గేరుబాక్సుల్లో చాలావాటిని తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

టైరు పక్కన నాలుగంకెలు చదవడం నేర్చుకోండి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని. గాడి ఎంత లోతుగా ఉన్నా, ఆరేడేళ్లు దాటిన టైరును మన ఎండలో రాజీవ్ రహదారి మీద వేగంగా నడపొద్దు. బీఎండబ్ల్యూల్లో చాలావాటికి స్టెపినీ ఉండదు, గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వస్తాయి. వాటి ధర ఎక్కువని మామూలువి వేయించుకుంటే, గాలి పంపు, పంక్చర్ కిట్టు బండిలో ఉండాల్సిందే.

"ముప్పై వేల కిలోమీటర్లే తిరిగింది" అన్న మాటకు మురిసిపోవద్దు. తిరగని బండి ఆరోగ్యంగా ఉంటుందనుకోవడం పొరపాటు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకోవాలనుకున్న 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అది తిరిగింది నాలుగు వందల మైళ్లు కూడా లేదంటారు. అయినా దశాబ్దాలు మూలన పడి ఉండి పాడైంది, నిపుణులతో బాగుచేయిస్తే గానీ మళ్లీ నిలబడలేదు. నిజాం బండికే తప్పలేదు. వారానికోసారైనా అరగంట, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. లేకపోతే ముందు పోయేది బ్యాటరీ. బ్యాటరీ బలహీనపడితే ఈ కార్లు సంబంధం లేని లైట్లన్నీ వెలిగిస్తాయి. పెద్ద రిపేరు అని భయపడే ముందు బ్యాటరీ పరీక్ష చేయించండి.

ఎక్కడ పొదుపు, ఎక్కడ కాదు

షోరూమ్ సర్వీసు సెంటరుకు పోవాలంటే హైదరాబాద్, రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ప్రతి పనికీ అక్కడికి పోతే జీతం అక్కడే అయిపోతుంది. స్కానింగ్, గేరుబాక్సు, తాళాలు, ఎయిర్‌బ్యాగుల పని అక్కడ. నూనె, ఫిల్టర్లు, బ్రేకులు, బుష్‌లు, ఏసీ ఇక్కడ. ఇంటర్నెట్ చూసి నేర్చుకునే ఓపిక ఉన్న మెకానిక్ ఒక్కడు గోదావరిఖనిలోనో కరీంనగర్‌లోనో మీకు దొరకాలి. బండి కొనకముందే అతన్ని వెతకండి. కొన్నాక వెతికితే ఆలస్యం.

విడిభాగం కొనేటప్పుడు కారు పేరు కాదు, ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తీయించండి. అదే భాగాన్ని కార్ల కంపెనీకి సరఫరా చేసే బాష్, మాలే, లెమ్‌ఫోర్డర్ వంటివాళ్లు తమ సొంత డబ్బాలోనూ అమ్ముతారు, ధర తక్కువ. 2006 తర్వాతి టీటీ అడుగుభాగం స్కోడా లారాతో చుట్టరికం ఉన్నది, కొన్ని సామాన్లు రెండింటికీ ఒకటే. తలుపు అద్దాలు, సీట్లు, లైట్ల వంటివి చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి పాత సామాన్ల బజార్లలో దొరుకుతాయి. బ్రేకులు, స్టీరింగ్ భాగాలు, టైర్లు మాత్రం పాతవి వద్దు. ఇంజిన్ నూనె డబ్బా మీద మీ బండి కోరే గుర్తు ఉండాలి. పాత పెట్రోల్ బీఎండబ్ల్యూకు ఎల్ఎల్-01, మెర్సిడెస్‌కు 229.5, ఆడికి 502.00. పుస్తకంలో పదిహేను వేల కిలోమీటర్లని ఉన్నా, ఏడెనిమిది వేలకే లేదా ఏడాదికోసారి మార్చండి. ఈ కార్లకు ఇంతకంటే చవకైన వైద్యం లేదు.

అసలు ఈ పద్ధతి మన జ్యోతినగర్‌కు కొత్తది కాదు. ఎన్టీపీసీలో యూనిట్ చెడిపోయేదాకా నడపరు. నడుస్తున్న యూనిట్‌నే అనుకున్న తేదీకి ఆపి, విప్పి, చూసి, మళ్లీ బిగిస్తారు. షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్‌లో అంకెలు రాస్తారు. ఆ రెండు అలవాట్లే కారుకూ కావాలి. ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, నూనె ఎంత పోశారు, కూలెంట్ ఎక్కడిదాకా ఉంది, ఏం మార్చారు, ఎంతయింది. నెలనెలా కూలెంట్ వేలెడు తగ్గుతోందని ఆ పుస్తకం చెబుతుంది. మెకానిక్ కంటే ముందే చెబుతుంది.

చివరగా పైసలు. కారుకు పెట్టాలనుకున్న మొత్తంలో మూడు వంతులతోనే బండి కొనండి. నాలుగో వంతు మొదటి ఏడాది మరమ్మతులకు ఉంచండి. లోన్ తీసుకుని, ఈఎంఐ కడుతూ, పైన మరమ్మతులకు అప్పు చేయాల్సిన పరిస్థితి ఉంటే ఈ కారు మీది కాదు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంట్లో ఒక్క జీతం ఉండి, ఆ జీతం మీద పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు ఉంటే, ఇంకో ఐదేళ్లు ఆగినా ఎర్ర జెడ్4 ఎక్కడికీ పోదు. అప్పటికి ఇంకా అగ్గువకు కూడా రావచ్చు.

తేల్చుకోలేకపోతున్నారా? ఓ పరీక్ష ఉంది. ఇవాళ్టినుంచి ఆరు నెలలు, బండి ఉన్నట్టే అనుకుని, నెలకు పదిహేను వేలు వేరే ఖాతాలో వేయండి. పండగొచ్చినా, చుట్టాలొచ్చినా ఆ పైసలు ముట్టొద్దు. ఆరో నెలలో ఖాతా ఖాళీగా ఉంటే, ఒక్క నట్టు విప్పకుండానే మీకు జవాబు దొరికినట్టు. తొంభై వేలు అట్లే ఉంటే, కూలింగ్ వ్యవస్థ, నూనెలు, బెల్టుల ఖర్చుకు గట్టి ఆసరా అప్పటికే మీ చేతిలో ఉంటుంది. అప్పుడు పోయి బండి చూడండి. ఇంజిన్ మాత్రం చల్లగా ఉండాలి.