కార్డు తీసిన వాక్యము, చేతికిచ్చిన వాక్యము

"కతోలికులకు బైబిలు లేదు" అను మాట మన కూటములలో ఇంకను వినబడుచున్నది. ఎవరైన వేదిక మీద ఆ మాట అనిన వెంటనే సభ "ఆమేన్" అని జవాబిచ్చుచున్నది. చెప్పువారు దానిని తమ తండ్రుల యొద్ద నేర్చుకొనిరి. తండ్రుల కాలములో దానికి కొంత ఆధారము లేకపోలేదు. 1570లో అయిదవ పయస్ పోపు ప్రకటించిన పూజాగ్రంథము దాదాపు నాలుగు వందల యేండ్లు వాడుకలో నుండెను. ఆదివార పఠనములు ఒక్క సంవత్సరముతో ముగిసి మరల అవియే వచ్చుచుండెను. అవియు లాటిను భాషలో. కీర్తనలు మినహా పాత నిబంధనలో ఇంచుమించు నూటికి ఒక్క వచనము మాత్రమే ఆదివారములలోను పెద్ద పండుగలలోను వినబడుచుండెను.

కాని ఆ దినములు గతించెను. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధనను గూర్చిన తన శాసనమును వెలువరించి, విశ్వాసులకు లేఖనముల బల్లను ఇంకను సమృద్ధిగా పరచవలెననియు, కొన్ని యేండ్ల క్రమములో లేఖనములలోని ముఖ్యభాగములు ప్రజలు వినవలెననియు నిర్ణయించెను. 1969 మే 25న క్రొత్త పఠనముల పట్టిక ప్రకటింపబడి, ఆ యేడే నవంబరు 30న అమలులోనికి వచ్చెను. ఆదివారములకు మూడేండ్ల చక్రము: ఒక యేడు మత్తయి, ఒక యేడు మార్కు, ఒక యేడు లూకా, యోహాను లెంటు దినములకును ఈస్టరు దినములకును ముఖ్యముగా ఉంచబడెను. అనుదిన పూజలకు వేరొక యేర్పాటు. సువార్త యేటేట అదే వరుస. మొదటి పఠనమునకు మాత్రము బేసి సంవత్సరమున ఒక వరుస, సరి సంవత్సరమున మరియొక వరుస. అన్నియు కలిపి లెక్కించిన యెడల క్రొత్త నిబంధనలో నూటికి సుమారు 70 వచనములును, కీర్తనలు గాక పాత నిబంధనలో 13, 14 వచనములును వినబడును. వారు సువిశేషమందురు, మనము సువార్త యందుము. మనము అపొక్రిఫా అను తోబితును మక్కబీయులను వారు లేఖనముగా చదువుదురు. ఆ వాదము ఆలాగే యున్నది. దానిని నేనిప్పుడు ఎత్తుకొనను.

నేనడుగునది వేరు. బైబిలు మనదేయని అతిశయించు మన సంఘములలో గడచిన సంవత్సరమంతయు ఏ భాగములు చదువబడినవి? చదువరి తన సంఘకాపరి ప్రసంగించిన వాక్యభాగములను జ్ఞాపకము చేసికొని ఒక కాగితము మీద వ్రాసి చూచుకొనవలెను. కొన్ని సంఘములకు ఆదివార పాఠముల పట్టిక అచ్చులోనే యున్నది, అది నిజమే. పాఠము ఒకరు చదువుదురు. పిమ్మట ప్రసంగీకుడు లేచి "ఈ దినము ప్రభువు నా హృదయములో ఉంచిన మాట" అని తనకిష్టమైన వచనమునకు పోవును. పట్టిక యంత్రము వంటిదనియు, పరిశుద్ధాత్మ నడిపింపే మనకు పట్టికయనియు మనవారు చెప్పుదురు. మంచిది. ఆ ఆత్మ నడిపింపు ప్రతి సంవత్సరము అవే ఇరువది వచనముల యొద్దకు ఎందుకు నడిపించుచున్నది? లేవీయకాండమునకు, విలాపవాక్యములకు, యాకోబు పత్రిక అయిదవ అధ్యాయమునకు త్రోవ ఆత్మకు తెలియదా?

వాక్యమును ఎన్నుకొనువాడు తన్ను తానే ఎన్నుకొనును. తనకు భయము లేనిదియు, తన సభకు ఇష్టమైనదియు, చందా తగ్గింపనిదియు వాని చేతికి దొరకును.

డిసెంబరు 31 రాత్రి మన ఆలయములలో జరుగునది అందరికి తెలిసినదే. పళ్లెములో రంగు కాగితముల వాగ్దానపు కార్డులు పెట్టుదురు. కుటుంబము వెంబడి కుటుంబము వచ్చి ఒక్కొక్కటి తీయుదురు. ఆ వచనమే ఆ యింటికి సంవత్సరమంతటికి దేవుని మాట. దానిని చట్రము కట్టించి గోడకు తగిలింతురు; ఇప్పుడు ఫోనులో పటముగా పెట్టి పదిమందికి పంపుదురు. చీటి వేసి వచనము తీయుట మన దేశములో పుట్టినది కాదు. హెర్న్‌హూట్ మొరేవియను సహోదరులు అట్లు తీసిన అనుదిన వచనములను 1731 నుండి పుస్తకముగా అచ్చు వేయుచున్నారు. అయితే వారిది ఇంటింటికి వేరు వేరు వచనము కాదు. సహోదరులందరికి ఆ దినమునకు ఒక్కటే. మన పళ్లెములో గద్దింపు లేదు, ప్రలాపము లేదు. ఆ కార్డులు అచ్చు వేయువారు బైబిలులోని చేదునంతయు ముందే యేరి పారవేయుదురు. జీలకఱ్ఱలో రాళ్లు ఏరినట్లు ప్రవక్తలను ఏరివేసిన పిమ్మట మిగిలినదే ఆ పళ్లెములో నున్నది.

మా సంఘములో ఒక విధవరాలు ఆలాగే ఒక కార్డు తీసెను. అపాయము ఆమె గుడారమును సమీపింపదను భావము గల కీర్తన వచనము అది. ఏప్రిలు నెలలో ఆమె ఒక్కగానొక్క కుమారుడు లారీ క్రింద పడి చనిపోయెను. భూస్థాపనయైన వారము దినములకు ఆమె నా యొద్దకు వచ్చినది. ఆదరణ కొరకు కాదు. "అయ్యగారూ, ఆ కార్డు నా చేత్తో నేనే తీశాను గదండీ. నాలో ఏ పాపముంటే అది తప్పిపోయింది?" అని యడిగినది. నలువది యేండ్లు ఆలయమునకు వచ్చిన స్త్రీ ఆమె. ఆ నలువది యేండ్లలో ఆమె వినిన కీర్తనలన్నియు స్తుతితోనే ముగిసినవి. చీకటి అను మాటతో ముగియు 88వ కీర్తన ఒకటి కలదనియు, దేవుని పరిశుద్ధ గ్రంథములోనే ఒక భక్తుడు ఏ జవాబు పొందక అట్లు మొఱ్ఱపెట్టెననియు ఆమెకెవరును చెప్పలేదు.

2024 అక్టోబరు 1, మంగళవారము. ఆ దినమున కతోలిక దేవాలయములలో యోబు తాను పుట్టిన దినమును శపించిన మూడవ అధ్యాయము మొదటి పఠనముగా నుండెను. దానికి జవాబుగా పాడుటకు నియమింపబడినది ఈ 88వ కీర్తనలోని భాగమే. ఏ గురువును తన సభకు ఇది బాగుండునని దానిని ఎన్నుకొనలేదు. పట్టిక దానిని వారి చేతికిచ్చెను. ఆ యుదయమున తన బిడ్డను పాతిపెట్టిన తల్లి యెవతెయైన ఆ పూజలో కూర్చుండినయెడల, తన నోటిలోని మాట తనకంటె ముందుగా లేఖనములో నున్నట్లు ఆమె వినియుండును. దినపూజకు వచ్చు కతోలికులు కొద్దిమందియే యనియు, గురువు నెలకొకసారి మాత్రమే వచ్చు పల్లెలు అనేకములనియు మీరనవచ్చును. అది నిజమే. కాని వచ్చినవారికి వడ్డింపబడినది యోబు. మన యొద్దకు వచ్చినవారికి మనము వడ్డించినది ఏమి?

ఇంకొకటి చెప్పవలెను, ఇది మన కాపరులకు నొప్పి కలిగించును. అదే సంవత్సరము జూను 17, 18 తేదీలలో నాబోతు ద్రాక్షతోట వృత్తాంతము రెండు దినములు వరుసగా చదువబడెను. తండ్రుల స్వాస్థ్యమును అమ్మనన్నందుకు దొంగసాక్ష్యముతో రాళ్లతో కొట్టబడిన రైతు కథ అది. మన సంఘస్థులలో ఎంతమందికి అసైన్డు భూమి పట్టా చేతిలో నుండియు భూమి మరియొకని స్వాధీనములో నున్నదో కాపరులకు తెలియును. నాబోతును గూర్చి చివరిసారి మీరెప్పుడు ప్రసంగించితిరి? ఆ భూమి ఎవరి చేతిలో నున్నదో ఆ మనుష్యుడే క్రిస్మసు కూటమునకు ముఖ్య అతిథిగా వచ్చి శాలువ కప్పించుకొని, పందిరి ఖర్చు నిచ్చిపోయిన యెడల నాబోతు ఎట్లు జ్ఞాపకము వచ్చును? జూలై 4న ఆమోసు బేతేలులో యాజకుడైన అమజ్యాతో పోరాడిన భాగము వచ్చెను. రాజుగారి గుడిలో ఈ మాటలు వద్దు, నీ దేశమునకు పొమ్మని ప్రవక్తను తరిమిన ఆ యాజకుడు ప్రతి తరములోను ఏదో యొక సంఘమునకు కాపరిగా నుండును. స్వేచ్ఛగా ఎన్నుకొను కాపరికి ఆ అధ్యాయము ఎన్నటికిని జ్ఞాపకము రాదు. పట్టిక దానిని బల్ల మీద పెట్టి తప్పుకొను త్రోవ మూసివేయును. 2025 ఆగస్టు 21న యెఫ్తా కుమార్తె వృత్తాంతమును సయితము వారు చదివిరి. తండ్రి మ్రొక్కుబడికి బలియైన ఆ కన్యకను మన ప్రసంగపీఠము మీద నేను విని యెరుగను.

మన సంస్కర్తలు పట్టికను త్రోసివేసిరి గదా యని సెమినరీలో చదివిన సోదరులు అందురు. వారు ఎందుకు త్రోసివేసిరో ఆ పాఠమును కూడ చదువవలెను. 1519 జనవరి 1న జ్వింగ్లీ జ్యూరిక్ పట్టణములో పాత పట్టికను ప్రక్కన పెట్టి మత్తయి మొదటి అధ్యాయము మొదటి వచనముతో ఆరంభించి, ఆ సువార్తను వరుసగా ప్రసంగించెను. కాల్విను 1538లో జెనీవా నుండి వెళ్లగొట్టబడి 1541లో తిరిగి వచ్చినప్పుడు, శత్రువులను గూర్చి ఒక్క మాటైన చెప్పక, తాను ఆపిన వచనము తరువాతి వచనమునుండి మరల మొదలు పెట్టెను. 1549 నాటి ఇంగ్లీషు ప్రార్థనల పుస్తకపు పీఠికలో క్రాన్మెరు చేసిన ఫిర్యాదు ఏమనగా, గ్రంథములు ఆరంభింపబడుచున్నవి గాని చివరివరకు చదువబడుట లేదని. వీరిలో ఒక్కడును తనకిష్టమైనది ఎన్నుకొనుటకై పట్టికను విడువలేదు. ఎన్నికను ఇంకను తగ్గించుకొనుటకే విడిచిరి. మనము వారి పేరు చెప్పుకొని పట్టికను విడిచితిమి, వరుసను కూడ విడిచితిమి. జనవరి 1న జ్యూరిక్‌లో వంశావళి. జనవరి 1న మన యొద్ద రంగు కార్డు.

ఇంతవరకు వ్రాసినది చూచి కతోలిక సోదరులు సంతోషించినయెడల, మిగిలినదియు చదువవలెను. ఆ పట్టికను చేసినవారి చేతిలో పెన్సిలు కూడ నుండెను.

2024 సెప్టెంబరు 16 నాటి పఠనము మొదటి కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయము. 17వ వచనమునుండి 26 వరకు చదివి, అక్కడనుండి 33కు దాటిరి. నడుమ విడువబడిన ఆరు వచనములు ఏవి? అయోగ్యముగా ఆ రొట్టెను తిని ఆ పాత్రలోనిది త్రాగువాడు అపరాధియగుననియు, ప్రతివాడు తన్ను పరీక్షించుకొనవలెననియు అపొస్తలుడు హెచ్చరించిన వచనములు. 1570 నాటి పాత గ్రంథములో పరిశుద్ధ గురువారమున ఆ హెచ్చరిక చదువబడుచుండెను. లేఖనములను సమృద్ధిగా వడ్డించెదమని వచ్చిన క్రొత్త పట్టికలో అది ఆదివారమున గాని, పండుగనాడు గాని, పఠనముల వరుసలో ఎక్కడను లేదు. దివ్యసత్ప్రసాదమును అంతగా గౌరవించు సంఘము, దానిని గూర్చి అపొస్తలుడు పలికిన అతి కఠినమైన మాటను తన బిడ్డల చెవిని పడనియ్యకుండుట నాకు విపరీతముగా తోచుచున్నది. వాగ్దానపు కార్డులు అచ్చు వేయువాడు చేసిన పనికిని దీనికిని ఏమి భేదము? వాడు కత్తెర పట్టెను, వీరు పెన్సిలు పట్టిరి. అనుదిన ప్రార్థనల పుస్తకములో 58, 83, 109 కీర్తనలను మొత్తముగానే తీసివేసిరి. శత్రువు మీద దేవునికి ఫిర్యాదు చేయు బీదవాని నోటిలోనుండి ఆ మాట తీసివేయుటకు వీరెవరు?

స్త్రీల సంగతి మరియు విచారకరము. 2025 జూలై 14న నిర్గమకాండము మొదటి అధ్యాయము చదువబడెను: 8నుండి 14వరకు, పిమ్మట 22. ఫరో ఆజ్ఞ ఉన్నది. ఆ ఆజ్ఞను ధిక్కరించి మగబిడ్డలను బ్రదుకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయా లేరు. న్యాయాధిపతుల గ్రంథము చదువబడును గాని దెబోరా కనబడదు. రోమా పత్రిక 16వ అధ్యాయము 3వ వచనముతో ఆరంభమగును. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేకు అపొస్తలుడు వ్రాసిచ్చిన మొదటి రెండు వచనములు పోయినవి. మన తెలుగు పల్లెలలో సువార్త ఎవరి కాళ్ల మీద నడచెను? బైబిలు స్త్రీల కాళ్ల మీద గదా. గడపదాటి వంటయింటివరకు వాక్యమును తీసికొనిపోయినది వారే. ఆ తల్లుల కుమార్తెలకు ఫీబే పేరు వినిపింపని పట్టికను నేను పూర్ణమైనదని యొప్పుకొనను. పెద్ద పండుగ వచ్చినప్పుడు ఆ దినపు వరుస పఠనము మరుగుపడు పద్ధతియు ఒకటి కలదు. 2024లో న్యాయము నీళ్లవలె పారవలెనను ఆమోసు అయిదవ అధ్యాయము జూలై 3న రావలసినది. ఆ దినము మన దేశపు అపొస్తలుడైన పరిశుద్ధ తోమా పండుగ. తోమాను ఘనపరచుటకై ఆమోసు నోరు మూయబడెను. తోమా దీనికి సమ్మతించునా యని నాకు సందేహము.

నజరేతులో ప్రభువే యెషయా వచనము నడుమ ఆపి, ప్రతిదండన దినము అను మాటకు ముందు గ్రంథము చుట్టెను గదా యని ఒకరు నాతో వాదించిరి. అవును. ఆ గ్రంథము ఆయనకు చేతికియ్యబడెను, ఆ మాటలను నెరవేర్చువాడు ఆయనయే. నెరవేర్చువానికి ఆపు అధికారము కలదు. చదువువానికి లేదు.

పొరుగు గ్రామపు కాపరియొకరు, మంచివారు, నా తలంపు విని నవ్విరి. సంవత్సరారంభమున వంశావళి చదివినయెడల జనము మధ్యలోనే లేచిపోవుదురని వారి భయము. సాధారణముగా డిసెంబరు 17న ఆ వంశావళి యంతయు కతోలిక పూజలో చదువబడుచున్నదనియు, అది మూడు నిమిషముల పని యనియు చెప్పితిని. ఈ డిసెంబరు 31 రాత్రి మా ఆలయములో కార్డుల పళ్లెము ఉండదు. ఆ విధవరాలు ముందు వరుసలోనే కూర్చుండును. మత్తయి మొదటి అధ్యాయము మొదటి వచనము నుండి చదువుదుము. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, ఎవరును విడువబడరు. మరుసటి దినము రెండవ అధ్యాయము. అందులో రామాలో తన పిల్లలకొరకు ఏడ్చి ఓదార్పు పొందనొల్లని రాహేలు ఉన్నది.