బాలికా విద్య - సైకిలు

కిరాయి సైకిలు దుకాణములు మన పట్టణములలో వీధికొకటి ఉండిన కాలమును పెద్దలు నేటికిని తలచుకొందురు. గంటకింత అని చెల్లించి, పుస్తకములో పేరు వ్రాయించి, చదువుకొను పిల్లవాడు పట్టణమంతయు తిరిగివచ్చెడివాడు. ఇప్పుడు సైకిలు పేదవాని గుర్తుగా మిగిలినది. ఇంటికి మోటారు సైకిలు రాగానే అది గోడకు చేరబడును. అయితే రవాణా శాస్త్రజ్ఞులును, ఆర్థికవేత్తలును ఈ పాత వాహనమును మరల పరిశీలించుచున్నారు. పొగ లేదు, పెట్రోలు ఖర్చు లేదు అను సంగతి అందరెరిగినదే. బాలికల చదువు విషయమున వారు కనుగొన్నది మాత్రము మన కళాశాలకు సూటిగా తగులునది. కావున విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ ముందును దానిని ఉంచుచున్నాము.

2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుక్కొనుటకు సొమ్ము ఇచ్చుట ప్రారంభించెను. కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ అను ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ పథకము ఫలితమును, అది లేని పొరుగు రాష్ట్రమైన ఝార్ఖండుతో పోల్చి లెక్కకట్టి 2017లో ప్రకటించిరి. ఉన్నత పాఠశాలలో తగిన వయసున చేరిన బాలికల సంఖ్య 32 శాతము పెరిగెను. బాలబాలికల మధ్య ఉండిన అంతరము 40 శాతము తగ్గెను. పదవ తరగతి పరీక్షకు కూర్చున్న బాలికలు 18 శాతము, ఉత్తీర్ణులైనవారు 12 శాతము హెచ్చిరి. పాఠశాల 3 కిలోమీటర్లకు మించి దూరమున్న గ్రామములలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించెను. అనగా బడికిని ఇంటికిని నడుమనున్న బాటయే అసలు అడ్డంకి అని తేలినది.

ఆ పరిశోధకులు చెప్పిన మరియొక మాట మాకు అంకెలకంటె ముఖ్యముగా తోచినది. సైకిళ్ళు ఊరిలోని బాలికలందరికిని ఒకేసారి అందినవి. అందరును కలిసి బయలుదేరిరి. అందువలన భద్రత కలిగినది, ఆడపిల్ల సైకిలెక్కరాదను కట్టుబాటును సడలినది. ఒక్క పిల్ల సైకిలుపై పోయిన ఊరంతయు తలతిప్పి చూచును. 20 మంది పోయిన ఎవరి పని వారు చేసికొందురు.

ఢిల్లీ ఐ.ఐ.టి.కి చెందిన రాహుల్ గోయల్, మరి ఇద్దరు పరిశోధకులు 2024లో ప్రకటించిన అధ్యయనమును చూడుడు. 2007లో దేశపు గ్రామీణ బాలికలలో సైకిలుపై బడికి పోవువారు 4.5 శాతము, 2017 నాటికి 11 శాతము. పట్టణములలో ఆ మార్పు లేదనియే చెప్పవచ్చును. సైకిలు కాలము చెల్లినదని పట్టణమున కూర్చుండి మనము తీర్పు చెప్పుచుండగా, పల్లెలో ఆడపిల్ల దానిని అందుకొనినది.

ఇక మన సంగతి. రాళ్ళగుట్టలు, ఎత్తుపల్లములు, తుమ్మముండ్లు గల మెట్టనేల ఇది. వేసవిలో ఒంటిపూట బడులు పెట్టినప్పుడు పిల్లలు ఇల్లు చేరవలసినది మిట్టమధ్యాహ్నపు ఎండలోనే. నాలుగు కిలోమీటర్లు నడచుటకును, సైకిలుపై వచ్చుటకును గల భేదము ఆ ఎండలో నడచినవారికే తెలియును. అందుబాటులో పాఠశాల లేకపోవుట ముస్లిం బాలికల చదువునకు అవరోధమని 2006లోనే సచార్ కమిటీ చెప్పియున్నది. పేదరికమును, పరదాను మాత్రమే కారణములుగా చెప్పుకొని ఊరకుండువారు ఆ పుట తిరిగి చదువవలెను.

ఉచిత బస్సు ఉన్నదికదా అని కొందరందురు. 2023 డిసెంబరు 9న మొదలైన ఆ సౌకర్యము మేలైనదే, మేము కాదనము. కాని టికెట్టు లేకపోయినంత మాత్రమున బస్సు ఊరిలోనికి రాదు. ప్రధాన రహదారినుండి లోపలికి మూడు నాలుగు కిలోమీటర్లున్న తండాకు, గూడెమునకు సాయంకాలపు తరగతి ముగిసిన పిదప చేరుట ఎట్లు? సైకిలు బస్సునకు పోటీ కాదు, బస్సు వద్దకు చేర్చునది.

హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను, పైన సౌర ఫలకముల కప్పుతో, 2023 అక్టోబరు 1న ప్రారంభించిరి. చూచుటకు ముచ్చటైనది, వ్యాయామమునకు పనికివచ్చును. అయితే 65వ జాతీయ రహదారి నల్లగొండ పల్లెలను, 44వది పాలమూరు పల్లెలను చీల్చుకొనిపోవుచున్నవి. వాని అంచున లారీల గాలికి తూలుచు బడికి పోవు పిల్లకు నీడ మాట అటుంచి, రెండు గజముల చోటైనను ప్రత్యేకముగా ఉండవలదా?

"మన ఆడపిల్లలు సైకిలుపైనా?" అను పెద్దలకు ఒక సంగతి విన్నవింతుము. 1990ల ఆరంభమున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమములో భాగముగా వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చిరి. వారిలో ముస్లిం స్త్రీలును కలరు. వారు నీళ్ళు తెచ్చుకొనిరి, పనులకు పోయిరి, పిల్లలను బడిలో దింపిరి. ఎవరి మర్యాదకును భంగము కలుగలేదు. చక్రమునకు జాలి, గొలుసునకు మూత ఉన్న లేడీస్ సైకిలుపై బురఖాయును, ఓణీయును చిక్కుకొనవు.

కమిటీ వారికి మా మనవి యిది. వార్షికోత్సవమున ప్రథమ స్థానము పొందిన బాలికకు ఒక సైకిలు బహూకరించుట చాలచోట్ల గల ఆచారము. ఫోటోకు అది బాగుండును. పైన చెప్పిన పరిశోధన ప్రకారము చూచిన, ఆ సైకిలు ఒంటరిగా ఏ ఇంటి గోడకో చేరును. దానికి బదులు ఏటేట ఒకటి రెండు గ్రామములను ఎన్నుకొని, అచటినుండి వచ్చు బాలికలందరికిని ఒకేసారి సైకిళ్ళు ఇప్పించవలెను. ఉచితముగా వీలుకానిచో నెలసరి వాయిదాలపైనైనను సరే. కళాశాలలో నీడగల సైకిలు స్టాండు, ఒక గాలిపంపు, పంక్చరు వేయు సామగ్రి చాలును. పంక్చరు వేయుట బాలికలకు నేర్పుటకు ఒక్క పూట పట్టును.

ప్రవేశములు మొదలగుటకు ముందే ఏ ఊరినుండి ఎందరు బాలికలు, ఎంత దూరమునుండి వచ్చుచున్నారో, పదవ తరగతి తరువాత ఎందరు మానివేసిరో ఒక పట్టిక సిద్ధము కావలసియున్నది. ఉర్దూ, తెలుగు విభాగముల విద్యార్థులము కలిసి ఇల్లిల్లు తిరిగి ఆ వివరములు సేకరించుటకు సిద్ధముగా ఉన్నాము. అనుమతి ఇప్పించ ప్రార్థన.